మూడు వారాలకోసారి సోల్ నైట్

ఎనిమిది మందమ్మా గున్నమ్మా! నూటిరవై కుర్చీలు వేయించి, మైకు పెట్టించి, రికార్డుల పెట్టె తుడిచి పక్కన పెట్టుకుని కూచుంటే, ఎనిమిది మంది! అందులో ఒకడు వాచ్‌మన్. ఇంకొకణ్ణి నేను. అది సోల్ నైటా, సంతాప సభా?

అదేటి, బలరాం లేడా?

ఈ వారం ఆడిది బి షిఫ్టు కదా. మధ్యాన్నం ఒంటిగంట దాటితే గానీ సైకిలు తియ్యడు. ఇంకా పదిన్నరే. ఆడు ఇంట్లో ఉండే టైము చూసుకునే, డ్రాయింగ్ ఆఫీసులో హాఫ్ డే పెట్టీసి, వానలో పట్టాలు దాటి వచ్చాను. బజారుకి గాని వెళ్ళాడా?

సరే, వస్తాడు. కూచుంటాను.

నువ్వు తలుపు చాటునే ఉండమ్మా, ఇవతలికి రానక్కర్లేదు. మనోళ్ళ పద్ధతి నాకు తెలీదేటి? నా తమ్ముడి పెళ్ళానివై పధ్నాలుగేళ్ళయ్యింది, నీ గొంతు ఎలాగుంటాదో నేనెరగను. మరదలు బావగారికి ఎదురు పడకూడదు, నోరిప్పి మాటాడకూడదు. మా అమ్మ పెట్టిన కట్టు. ఊళ్ళో ఎప్పుడో పోయింది గానీ, ఈ భిలాయిలో, మిల్లు పనోళ్ళుండే ఈ క్యాంపు రెండులో మాత్రం ఇంకా ఉంది. పోన్లే, గాజులున్నాయి కదా. అవునంటే ఓసారి గాజులు కదుపు, కాదంటే ఊరుకో. ఆపాటి చాలు నాకు.

మంచినీళ్ళా? గడప మీద పెట్టీసావా? వద్దులే తల్లీ. ఇప్పుడే కాఫీ తాగి వచ్చాను.

ఎందుకొచ్చానో చెప్తాను విను. ఆడొచ్చాక మళ్ళీ చెప్పుకోవాలి గానీ, నువ్వు ముందు వింటే ఆడికి కొంచెం నచ్చచెప్పగలవు. నా మాటంటే ఆడికి... సరే.

మా సెక్టర్ నాలుగు క్లబ్బుకి కొత్త సెక్రటరీ వచ్చాడు. దక్షిణామూర్తి గారని, గుంటూరు మనిషి. మెత్తగా మాటాడతాడు. మొన్న పిలిచి కూచోబెట్టి, "గణపతిరావు గారూ, పదకొండేళ్ళ నుంచీ ఈ ఇంగ్లీషు పాటల కార్యక్రమం మీరొక్కరే నడుపుకొస్తున్నారు, చాలా సంతోషమండీ. కానీ జనం రావట్లేదు కదా. అదే హాలు వీడియో సినిమాలకి ఇస్తే కిటికీల దగ్గర కూడా నిలబడతారు" అన్నాడు. అనీసి టీ తెప్పించాడు. మనిషి గొంతు కోసీసి టీ తెప్పించడం ఈ ఆఫీసర్లకి భలే తెలుసు.

బతిమాలుకున్నానమ్మా. నేను! ఈ యాభై ఏళ్ళ వయసులో! ఒక్క ఛాన్సు ఇవ్వండీ అన్నాను. సరే, ఆఖరిసారి పెట్టుకోండి, యాభై మంది వస్తే ఉంచుతాను, రాకపోతే బంద్ అన్నాడు.

యాభై మంది! సెక్టర్ నాలుగులో యాభై మందిని ఎక్కణ్ణించి తేను? టీవీలొచ్చాక శనివారం సాయంత్రమైతే ఎవడి క్వార్టర్లో ఆడు తలుపేసుకుంటన్నాడు. ఎవరిదాకానో ఎందుకు, మీ అక్కే రాదు. "ఆ అరుపులు ఇంట్లో పదకొండేళ్ళగా వింటన్నాను, హాలుకొచ్చి కూడా వినాలా?" అంటాది నా పెళ్ళాం.

యాభై మందిని తేగలిగినోడు ఈ భిలాయి మొత్తమ్మీద ఒక్కడే. మీ ఆయన.

ఏదో చప్పుడయ్యింది. నవ్వావా? నవ్వులే, తప్పులేదు.

వాన ఎక్కువవుతాందే. ఆడు గొడుగు పట్టుకెళ్ళాడా? ఏ కొట్లోనో ఆగిపోయాడు గావాల.

ఆ రికార్డుల పెట్టె ఎవరిదో నీకు తెలుసు, నాకు తెలుసు. సెక్టర్ నాలుగులో మాత్రం ఒక్కడికీ తెలీదు. నేను చెప్పలేదు మరి.

డెబ్భై మూడు అనుకుంటాను. రైల్వే యార్డులో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఉండీవాడు కదా, బూడిద రంగు కళ్ళాయన. సాయంత్రమైతే వరండాలో రికార్డులు పెట్టుకునీవాడు. బలరాం మిల్లులో డ్యూటీ దిగి, ఇంటికి రావల్సినోడు, మూడు మైళ్ళు అటు తిప్పుకుని వెళ్ళీవాడు ఆ పాటల కోసం. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కంచె పక్కన సైకిలు స్టాండేసి అడుగులేసీవాడు. ఆ డ్రైవరు ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, పెట్టే గ్రామఫోనూ రెండూ వీడి సైకిలు మీద కట్టీసాడు. "ఇన్నేళ్ళూ ఈ పాటలకి కాళ్ళతో జవాబు చెప్పినోడివి నువ్వొక్కడివే" అన్నాడంట.

ముప్పై ఒకటి రికార్డులు. అమెరికా నల్లోళ్ళ పాటలు. చర్చిలో దేవుణ్ణి పిలిచే గొంతుతోనే ఆడమనిషిని పిలిస్తే అది సోలంట. ఆ ముక్క డ్రైవరు బలరాంకి చెప్పాడు, బలరాం నాకు చెప్పాడు, నేను సెక్టర్ నాలుగులో అందరికీ నేనే కనిపెట్టినట్టు చెప్పాను.

ఒక్క వారానికని అడిగి పట్టుకెళ్ళాను. గుర్తుందా నీకు? గ్రామఫోను మీద దుమ్ము పడకుండా పచ్చంచు చీర ముక్క కప్పి ఇచ్చావు. నీ చీరే గావాల. ఆ ముక్క ఇంకా ఉందమ్మా. దాంతోనే తుడుస్తాను.

మొదట్లో ఎలాగుండీదనుకున్నావు! ప్రతి శనివారం సాయంత్రం ఆరున్నరకల్లా హాలు నిండిపోయీది. ఇదేదో ఫారిన్ సంగతంటే ఆఫీసర్లు భార్యల్ని తీసుకుని వచ్చీసారు. మీ ఆయన క్యాంపు రెండు నించి ఇరవై ముప్పై మందిని వెంటేసుకుని వచ్చీవాడు. నందిని గనుల్లో పనిచేసే మనోళ్ళు లారీ ఎక్కి దిగీవారు, నెత్తి మీద సున్నపురాయి పొడి కూడా దులుపుకోకుండా. వాళ్ళు కూచున్న కుర్చీలు మర్నాడు తెల్లగా ఉండీవి. వాచ్‌మన్ నన్ను తిట్టీవాడు.

నేనొక పుస్తకం పెట్టాను. హాజరు పుస్తకం. వచ్చినోడల్లా పేరు, ఉండే చోటు, సొంత జిల్లా రాసి, ఏ పాట కావాలో రాయాలి. చదువు రానోళ్ళవి నేనే రాసీవాణ్ణి. ఏడాది తిరిగీసరికి నాకెంత పట్టు చిక్కిందంటే, మనిషి జిల్లా చెప్తే పాట నేను చెప్పీసీవాణ్ణి. పందెం కట్టి చెప్పీవాణ్ణి!

కృష్ణా, గుంటూరు వాళ్ళకి నెమ్మది పాట కావాలి. మగాడు మోకాళ్ళ మీద కూలబడి వెళ్ళిపోకే అని ఏడవాలి. దానికి మేము ఏడుపు రికార్డని పేరు పెట్టుకున్నాం. మా పెద్దాఫీసరు వెంకటేశ్వరరావు గారు ముందు వరసలో కూచుని తొడ మీద తాళం వేసీవాడు. ఆ పాడేవాడు గుండె బద్దలై అరుస్తుంటే ఈయన పక్కకి వంగి, "శుద్ధ మధ్యమం తగిలింది, చూశారా?" అనీవాడు. రాజమండ్రి వాళ్ళ భుజంగరావు గారికి పాటతో పనిలేదు. ఇంటర్వెల్లులో పకోడీ అయిపోగానే ఆయనకి ఆవలింతలు. బెంగాలీలు కళ్ళు మూసుకుని విని, అయ్యాక అర్థం అడిగీవారు. నాకేం తెలుసు అర్థం? ఏదో ఒకటి చెప్పీసీవాణ్ణి.

మన శ్రీకాకుళం, విజీనారం వాళ్ళు కుర్చీల్లో కూచోరు. ఎన్ని వేసినా వెనక్కెళ్ళి గోడ దగ్గర నిలబడతారు. వాళ్ళకి గొంతు కాదు, డ్రమ్ము కావాలి. గూడ్సు బండి వంతెన ఎక్కినట్టుండే రికార్డు ఒకటుంది, దానికి గూడ్సు బండనే పేరు. "గూడ్సెయ్యి బాబూ, గూడ్సెయ్యి" అని ఒకటే గోల. నందిని వాళ్ళకైతే బాకాలు ఊదాలి. ఇక్కడ పుట్టిన పిల్లకాయలకి ఇవేవీ కాదు, ఏ హిందీ పాట ఇందులోంచి కొట్టీసారో పట్టుకుంటే చాలు, "అరే, చోరీ కియా!" అని ఎగిరి గెంతీవారు.

ఒక్క ఊళ్ళో, ఒక్క హాల్లో, అవే ముప్పై ఒకటి రికార్డులు. ఎవడి చెవి ఆడిది. నాకు భలే ముచ్చటగా ఉండీదమ్మా. రాత్రి ఇంటికెళ్ళి ఆ పుస్తకం చదువుకునీవాణ్ణి.

ఏ పాటైనా ఒకేలా వినీవోడు ఒక్కడే, మీ ఆయన. ఏడుపు రికార్డుకీ ఆడీవాడు, గూడ్సు బండికీ ఆడీవాడు.

టైమెంతయ్యింది? పదకొండు. ఎక్కడికెళ్ళాడమ్మా వీడు? నేను వస్తన్నట్టు ఎవరైనా చెప్పారా? నన్ను చూసి వెనక సందులోంచి గాని పోయాడా?

గాజులు కదపలేదు. అంటే కాదన్నమాట. పోన్లే.

ఆ రాత్రి సంగతి చెప్పాలి. డెబ్భై ఆరు ఫిబ్రవరి. నువ్వు రాలేదు, నీకప్పుడు ఒంట్లో బాగోలేదు గావాల.

గూడ్సు బండి వేసాను. వెనక గోడ దగ్గర మనోళ్ళు పది పన్నెండు మంది ఒక్కసారి వలయం కట్టీసారు. బలరాం మధ్యలో, ఎర్రచొక్కా. తప్పెటగుళ్ళ అడుగు! మనూళ్ళో ఆవులు కాసేవాళ్ళం గుండెకి తప్పెట కట్టుకుని ఆడతాం కదా, అదే అడుగు. తప్పెటలు లేవు కదా, అరచేతుల్తో గుండెల మీదే కొట్టుకుంటన్నారు. ఆ చప్పుడు రికార్డులో డ్రమ్ముతో ఎలా కలిసిపోయిందో చెప్తే నమ్మవు. అమెరికావోడు మనూళ్ళో ఆవులు కాసినట్టే ఉంది.

నా కాళ్ళు ఊరుకుంటాయేటి చెప్పు? మిషను దగ్గర నిలబడి, ప్యాంటు లోపల నా పిక్కలు ఎగురుతున్నాయి. పదిహేడేళ్ళకే నా గుండెకి తప్పెటగుళ్ళు కట్టారు. నేనాడితే మూడూళ్ళ జనం వచ్చీవారు. బలరాంకి అడుగు నేర్పింది ఎవరనుకున్నావు? నేనే కదా!

ముందు వరస వాళ్ళు కుర్చీలు తిప్పుకుని చూస్తన్నారు. కొందరు నవ్వుతున్నారు. చెడ్డ నవ్వు కాదు, సర్కస్ చూసిన నవ్వు. బలరాం నా వైపు చెయ్యి ఊపి, "అన్నియ్యా, రా! రా అన్నియ్యా!" అని కేకేసాడు.

నేను వెళ్ళలేదు.

అంతే. పాటయిపోయింది. ఆడు చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, పెట్టె మీద చెయ్యేసి, "బాగా తుడిచి పెట్టన్నియ్యా, దుమ్ము పడిపోద్ది" అన్నాడు. వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రాలేదు.

ఏటి? ఎందుకు రాలేదంటావా?

నువ్వడగలేదు. నేనే అనుకుంటన్నాను. ఈ నులకమంచం కిర్రుమంటాదేటి, ఒక్క చోట కూచోనివ్వదు. నిలబడతానులే.

చెప్పీస్తాను తల్లీ. చెప్పీయడానికే వచ్చాను. ఆడికి చెప్పాలనుకున్నాను గానీ, ఆడి మొహం చూస్తే నోరు రాదేమో. నువ్వు కనపడవు కదా, నీకు చెప్పడం తేలిక.

సోమవారం ఆఫీసులో వెంకటేశ్వరరావు గారు నా బల్ల దగ్గర ఆగి, "మొన్నటి ఫోక్ డ్యాన్సు బాగుందయ్యా. మీ వాళ్ళేనా?" అన్నాడు. నాకప్పుడు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ప్రమోషను కాగితం ఆయన టేబులు మీదే ఉంది. మీ వాళ్ళేనా అన్నప్పుడు ఆయన మనసులో ఏముందో నాకు తెలీదు. ఏమీ లేదేమో కూడా. నాకు మాత్రం ఒళ్ళంతా కారం రాసినట్టయ్యింది.

ఆ సాయంత్రం కూచుని ఒక లెక్క వేసాను. డ్రాయింగ్ ఆఫీసు వాణ్ణి కదా, స్కేలు పెట్టి గీసాను.

మీ ఆయన గ్యాంగుకి ఒక వారం ఏ షిఫ్టు, పొద్దున్న ఆరు నించి రెండు దాకా. పై వారం బి, రెండు నించి రాత్రి పది దాకా. ఆ పై వారం సి, రాత్రంతా. మళ్ళీ ఏ. మూడు వారాలకి తిరిగి మొదటికి వస్తాది. నా సోల్ నైటు అప్పటిదాకా ప్రతి శనివారం. దాన్ని మూడు వారాలకోసారి చేసీసాను. వాళ్ళ గ్యాంగు బి షిఫ్టులో ఉండే శనివారం చూసుకుని మొదలెట్టాను. ఇంక మళ్ళీ లెక్క చూడక్కర్లేదు. ఏ సోల్ నైటుకైనా, ఆ ఆరున్నర నించి తొమ్మిది దాకా ఆడు మిల్లులోనే ఉంటాడు.

అందరికీ ఏం చెప్పానో తెలుసా? గ్రామఫోను సూది అరిగిపోతాందండీ, ఇక్కడ దొరకదండీ, పొదుపుగా వాడాలి అని. అందరూ నమ్మారు. రోజూ పగటి డ్యూటీయే ఉండే జనరల్ షిఫ్టు వాళ్ళకి శనివారమంటే శనివారమే కదా.

బలరాం రాకపోతే క్యాంపు రెండు రాదు. క్యాంపు రెండు రాకపోతే నందిని లారీ ఆగదు. రెండు నెలల్లో వెనక గోడ ఖాళీ. అప్పటి సెక్రటరీ, శ్రీకాకుళం వాళ్ళు రావటం మానేశారేమండీ అనడిగితే, పుస్తకం తెరిచి చూపించి, వాళ్ళకి ఈ సంగీతం మీద అభిరుచి లేదండీ అన్నాను. అనడమేటి, రాసిచ్చాను. సంతకంతో. అభిరుచి లేదని!

తొమ్మిదేళ్ళమ్మా. ఇది నా తమ్ముడికి నేను చేసిన పని. ప్రమోషను కూడా వచ్చిందిలే. బల్ల మారింది, కుర్చీకి చేతులొచ్చాయి.

ఏడవకు. ఏడుస్తున్నావా? గాజులు ఒకటే చప్పుడవుతున్నాయి. ఓహో, బియ్యం చెరుగుతున్నావా. సరే సరే.

కానీ ఇప్పుడు దిద్దుకోవాలనే వచ్చాను. అందుకే కదా ఈ పరుగు! ఈ తొమ్మిదేళ్ళలో మొదటిసారి నా మూడు వారాల లెక్క నేనే తప్పించాను. లెక్క ప్రకారం ఈ శనివారం పెట్టాలి, ఆగస్టు మూడు. పెట్టలేదు. ఈ శనివారం హాలు వీడియోకి ఇచ్చీసుకోండి, నాకు పై శనివారం పదో తారీకు ఇవ్వండని దక్షిణామూర్తి గారికి రాసిచ్చీసాను. ఎందుకో చెప్పు? ఈ వారం మీ ఆయన బి షిఫ్టు. పై వారం సి. రాత్రి పది దాటాక గానీ డ్యూటీ ఎక్కడు. సాయంత్రమంతా ఖాళీ!

ఆడు రావాలి, ఆడి గ్యాంగు రావాలి, నందిని వాళ్ళు రావాలి. కుర్చీలన్నీ గోడవారకి తీయించీస్తాను. గూడ్సు బండి మూడుసార్లు వేస్తాను. నేను కూడా... ఏమో, మోకాళ్ళు ఎలాగున్నాయో. దిగుతానమ్మా నేను కూడా. వెంకటేశ్వరరావు గారు రిటైరై బెజవాడ వెళ్ళిపోయారు కూడా.

యాభై కాదు, వంద మంది వస్తారు. ఏమంటావు? వస్తాడంటావా ఆడు?

గాజులు?

ఎక్కడికెళ్ళావమ్మా? లోపలేదో తీస్తన్నావు. క్యాలెండరా? మేకు నించి తీసి ఇక్కడ పెట్టావెందుకు, నీళ్ళ గ్లాసు పక్కన? నాకు తారీకులు తెలుసులే, చూసుకునే వచ్చాను.

ఆఁ, ఇది షిఫ్టు క్యాలెండరు. ప్రతి వారానికీ పెన్సిల్‌తో రాసుకున్నాడు. మా ఇంట్లో కూడా ఉండీది ఒకప్పుడు, నేను జనరల్ షిఫ్టుకి మారకముందు. ఏ రోజు ఎన్నింటికి అన్నం వండాలో ఇదే చెప్పాలి కదా. ఏదీ, ఈ వారం...

ఏ.

ఈ వారం ఏ షిఫ్టా? పొద్దున్న ఆరుకే వెళ్ళిపోయాడా? అందుకా ఇంట్లో లేడు!

ఎలాగమ్మా? నా లెక్క తప్పదే! ఉండు, ఉండు. కిందటి దసరాకి మీ మిల్లు క్యాపిటల్ రిపేరని పెద్ద మరమ్మతుకి మూసారు. మళ్ళీ తెరిచినప్పుడు గ్యాంగుల్ని కొత్తగా మొదలెట్టారు గావాల. అవునా?

కదిపావు. అవునన్నావు.

నేను జనరల్ షిఫ్టు మనిషిని. నాకెవరు చెప్తారు? నేనెవర్ని అడిగాను? తొమ్మిదేళ్ళ నాటి లెక్క పట్టుకుని కూచున్నాను.

అంటే ఈ శనివారం ఆడు ఖాళీ. హాలు వీడియోకి నేనే ఇచ్చీసాను. పై శనివారం, ఇదిగో రాసే ఉంది, బి. పదో తారీకున నేను కుర్చీలు తీయించి గూడ్సు బండి వేసీసరికి ఆడు మిల్లులో క్రేను మీద ఉంటాడు. తొమ్మిదేళ్ళు రాకుండా చూసుకున్నాను కదా. రమ్మని పిలుద్దామని వచ్చి, మళ్ళీ అదే చేసాను.

నవ్వొస్తాంది నాకు. నిజంగా!

ఈ గుండ్రాలేటమ్మా? ఎర్ర పెన్సిల్‌తో. జనవరి అయిదు. ఇరవయ్యారు. ఫిబ్రవరిలో పదహారు... ఇవి నా నైట్లు. మూడు వారాలకోసారి. అన్నీ గుర్తు పెట్టుకున్నాడు. మొన్నటి జూలై పదమూడుకి కూడా ఉంది, ఆ ఎనిమిది మంది వచ్చిన నైటు. ఆగస్టు మూడుకీ ముందే చుట్టీసాడు. ప్రతి గుండ్రం ఉన్న వారానికీ ఏ, ఏ, ఏ. దసరా నించి ఇప్పటిదాకా ప్రతి సోల్ నైటుకీ ఆడు రెండున్నరకల్లా ఇంటికొచ్చీసి ఉన్నాడు. అన్ని సాయంత్రాలూ ఖాళీ. తారీకు తెలుసు. హాలు తెలుసు.

నేనేమో ఆడు మిల్లులో ఉన్నాడని నిశ్చింతగా రికార్డులు తిప్పుతున్నాను.

ఆ సాయంత్రాలు ఏం చేసీవాడమ్మా? ఇక్కడే, ఈ గడప మీద కూచునీవాడా?

కదిపావు.

చొక్కా వేసుకునా?

కదిపావు. సరే. ఇంక అడగను.

నేను ఇంటికొచ్చి రమ్మని చెప్తానని ఎదురుచూసాడు. ఆ పాటి మాటకి. పెద్దోడు ఇంటికొచ్చి పిలవాలి కదా. పట్టాలు దాటి వస్తే అరగంట దారి. మరి మొదట్లో ఏ పిలుపూ లేకుండా ముప్పై మందితో వచ్చినోడు, ఆ రాత్రి తర్వాత పిలుపు కోసం ఎందుకు కూచున్నాడని నువ్వడగవు. నీకు తెలుసు. ఆడు నీకు చెప్పాడు గావాల.

చెప్పాడా?

ఊరుకున్నావు. చెప్పలేదా! నీక్కూడా చెప్పలేదా?

అయితే నేనే చెప్పాలన్నమాట. ఇందాక నేను వెళ్ళలేదన్నాను, పాటయిపోయిందన్నాను. ఆ రెంటికీ మధ్య ఒకటుంది. ఆడు "అన్నియ్యా, రా" అని కేకేసినప్పుడు, నా పక్కన వెంకటేశ్వరరావు గారి భార్య నిలబడి ఉంది, కనకలత గారు. ఆవిడకి చెడు బుద్ధేం లేదు. "ఆ ఎర్రచొక్కా ఆయన మిమ్మల్నే పిలుస్తున్నారు, మీ తమ్ముడా అండీ?" అనడిగింది.

ఎవరో క్యాంపు మనిషండీ అన్నాను. వాళ్ళకి అందరూ అన్నయ్యలేనండీ అన్నాను.

అనీసరికి పాటయిపోయింది. పాట ఆగాక సూది గీరుకునే చప్పుడు తప్ప హాల్లో ఇంకో చప్పుడు లేదు. నన్ను పిలుస్తూ ముందుకొచ్చీసి, ఆడు నాకు మూడు కుర్చీల దూరంలో ఉన్నాడు. విన్నాడు. విని, వచ్చి, దుమ్ము పడకుండా తుడవమన్నాడు. అన్నియ్యా అనే అన్నాడు, అప్పుడు కూడా.

ఇదమ్మా సంగతి. షిఫ్టు లెక్క, సూది అరగడం, అభిరుచి... అవన్నీ దీని మీద కప్పిన గుడ్డలే.

పెట్టె తెచ్చి ఇచ్చీమంటావా? రేపే తెస్తాను. రిక్షాలో వేసుకుని, గ్రామఫోనూ నీ చీర ముక్కతో సహా.

గాజులు కదపవా?

వద్దా?

సరే. అదీ నిజమేలే. ఇప్పుడేం చేసుకుంటారు.

పదకొండున్నర. ఆడు రావడానికి ఇంకా మూడు గంటలుంది. ఉండొచ్చు. ఉండాలి కూడా. మనిషన్నోడైతే ఉంటాడు. కానీ నేను వెళ్తానమ్మా. ఆడు సైకిలు స్టాండేసి, నన్ను చూసి, మళ్ళీ అన్నియ్యా అంటే తట్టుకోలేను.

ఆ నీళ్ళు ఇలా ఇయ్యి. కాఫీ తాగి రాలేదు నేను. ఊరికే అన్నాను.

క్యాలెండరు మేకుకి పెట్టీ. ఆడొచ్చాక తడి కాళ్ళ గుర్తులు చూసి, ఎవరొచ్చారని అడుగుతాడు కదా. ఎవరో సెక్టరు మనిషని చెప్పు. వాళ్ళకి అందరూ తమ్ముళ్ళే, నీళ్ళు తాగి వెళ్ళాడని చెప్పు.